ఒక కొలతకి రెండు చొక్కాలు

ఆదివారం టైలరమ్మ కొట్టుకి సెలవు. షట్టరు సగానికి దించి ఉంటుంది. కింది సందులోంచి వంగి లోపలికి రావలసింది ఒక్క మనిషే. ఆ మనిషికి ఈమధ్యే పదహారేళ్ళు నిండాయి. నోట్లోంచి మాట ఊడిపడదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో ముంగి అని పిలిచేవారు. బళ్ళోనూ అదే పేరు అతుక్కుపోయింది.

"చేతులెత్తు," అంది టైలరమ్మ.

ముంగి చేతులెత్తింది. టేపు చల్లగా వీపు చుట్టి ముందుకొచ్చింది. టైలరమ్మ కొలతలు ఎక్కడా రాసుకోదు. పైకి చదువుతుంది, చదివింది బుర్రలో ఉండిపోతుంది. ఈసారి ఛాతీ కొలత చదవబోయి ఆగింది. టేపు వదిలి మళ్ళీ చుట్టింది. నడుము చూసింది, భుజం చూసింది. టేపు మెళ్ళో వేసుకుని ఒకడుగు వెనక్కి వేసి పిల్లని ఎగాదిగా చూసింది.

"ఏమే, తింటున్నావా లేదా?"

"తింటున్నానత్తా."

"ఏం తింటున్నావో, గాలి! పోయిన నెలకీ ఇప్పటికీ ఎంత తగ్గిపోయావో చూడు. మీ అమ్మకి కళ్ళు కనపడ్డం లేదా?" గొంతు అక్కడిదాకా కోపంగానే ఉంది. ఆ తరవాత సన్నబడిపోయింది. "నువ్వు తినకపోతే అది చిక్కిపోతోందే."

'అది' అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు. టైలరమ్మ కూతురు. పోయి ఏడాదిన్నర కావస్తోంది.

టైలరమ్మ బల్ల మీద నీలం గుడ్డ పరిచింది. దాని మీద అదే గుడ్డ ఇంకో ముక్క పరిచి, అంచులు కలిపి గుండుసూదులు గుచ్చింది. సుద్దతో గీత గీసి కత్తెర పెట్టింది. కత్తెర కరకరమంటూ రెంటినీ కలిపి కోసుకుంటూ పోయింది. ఒక చొక్కా ముంగికి. ఇంకొకటి లోపలి గదిలో బీరువాకి.

ఆ బీరువా తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంటుంది. ఎడమ చివర కూతురి బడి యూనిఫాం. దాని పక్కన ఆ తరవాత కుట్టినవి, హ్యాంగర్లకి వరసగా. అటునుంచి ఇటు చూసుకుంటూ వస్తే చేతులు కొంచెం పొడవవుతాయి, భుజాలు కొంచెం వెడల్పవుతాయి. లోపల మనిషి లేకుండా ఒక పిల్ల ఎదుగుతున్నట్టుంటుంది.

ఒక కొలతకి రెండు కోయడం కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. టైలరమ్మ కూతురూ ముంగీ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఆ పిల్ల నోరు మూతపడేది కాదు, అందరూ వసపిట్ట అనేవారు. ఇది మాట్లాడదు, అది ఆగదు. బళ్ళో టీచరు "మీ ఇద్దర్నీ కలిపి రెండుతో భాగిస్తే ఇద్దరు మామూలు పిల్లలొస్తారు" అనేది. ఒళ్ళు మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకే ఎత్తు, ఒకే భుజం. ఏటా యూనిఫాం కుట్టేటప్పుడు టైలరమ్మ కూతుర్నొక్కదాన్నే కొలిచి, రెండు గుడ్డలు కలిపి కోసేది. తేడా తెలియడానికి తన కూతురి చొక్కాకి మెడపట్టీ లోపల చిన్న ఎర్రదారం ముడి వేసేది.

పిల్లలు ఆ ముడిని ఎప్పుడు లెక్కచేశారని! ఆటల పీరియడు అయ్యాక ఏ చొక్కా చేతికందితే ఆ చొక్కా తొడుక్కునేవారు. సరిపోతోంది కదా. ఇంటికెళ్ళాక తల్లులు ఉతికి, ఆరేసి, మళ్ళీ పంపేవారు.

ఆ రోజూ ఆటల పీరియడు అయ్యాకే ఇంటి బస్సెక్కారు. వాన పడుతోంది. కాలవగట్టు మలుపులో బస్సు పక్కకి జారి నీళ్ళలోకి ఒరిగింది. కిటికీ అద్దం పగిలి ముంగి మొహానికి కోసుకుంది. ఆమె చేతిలో వసపిట్ట చెయ్యి ఉంది. కొంతసేపు ఉంది. ఆ తరవాత లేదు.

ఆసుపత్రికి అందరికంటే ముందు చేరింది టైలరమ్మ. మొహం నిండా కట్లతో, వాచిపోయి, తెలివిలేకుండా ఒక పిల్ల మంచం మీద ఉంది. ఒంటి మీంచి కత్తిరించి తీసిన చొక్కా పక్కన ట్రేలో ఉంది. టైలరమ్మ ఆ చొక్కా మెడపట్టీ తిరగేసి చూసింది. ఎర్రదారం ముడి కనపడింది.

"ఇది నా పిల్లే," అంది. "నా కుట్టు నాకు తెలీదా?"

ఆ గోలలో అంతకుమించి ఎవరూ అడగలేదు. ముంగి తల్లిదండ్రుల్ని ఇంకో గది వైపు పంపించారు. నాన్న ఒక్కడే లోపలికి వెళ్ళాడు. కప్పిన దుప్పటి అంచున యూనిఫాం చూశాడు. దుప్పటి పైకెత్తడానికి ఆయనకి గుండె చాలలేదు. బయటికొచ్చి గోడకి ఆనుకుని, అవునన్నట్టు తలూపాడు.

తెల్లవారుతుండగా ముంగికి తెలివొచ్చింది. కళ్ళ మీద కట్టు, చీకటి. ఎవరో పాదాలు రుద్దుతున్నారు. "లేచావా నా తల్లీ? నేనేనే, అమ్మని. ఇక్కడే ఉన్నా, ఎక్కడికీ పోలేదు." ఆ గొంతు టైలరత్తదని వెంటనే పోల్చుకుంది. చెయ్యి జారిపోయిన సంగతి ఆమెకి గుర్తుంది. నేను అది కాదత్తా అంటే సరిపోయేది. చిన్న మాట. నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. అంటే ఈ చేతులు ఆగిపోతాయి. ఆగిపోయాక ఈ మనిషికి ఏమీ మిగలదు. కాసేపాగి చెబుదామనుకుంది. వరండాలో ఒకావిడ గొంతు జీరపోయేలా ఏడుస్తోంది. ఆ గొంతు కూడా ఆమె పోల్చుకుంది.

మధ్యాహ్నం ముంగి తల్లిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. "నాది పోయింది. కనీసం దాన్నైనా ఒకసారి చూసుకోనివ్వండి, కలిసి పెరిగారు," అందట. వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడి దుప్పటి మీద చెయ్యి వేసింది. చెయ్యి పాదం మీదికి జారింది. చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టుకతోనే అంత. తల్లి పెట్టిన కేకకి వార్డంతా తిరిగి చూసింది.

టైలరమ్మ స్టూలు మీంచి లేచి ఆవిడకి చోటిచ్చింది.

మొహం మీద గాయాలు మానాక టైలరమ్మ ఒక చొక్కా కుట్టి పంపింది. భుజం దగ్గర కాస్త పట్టేసింది. "ఒకసారి రమ్మను, సరిచేస్తాను" అని కబురు పెట్టింది. "వెళ్ళవే, పాపం" అంది అమ్మ. వెళ్ళింది. మళ్ళీ ఆదివారం రమ్మంది. అలా మొదలైంది. ఎవరైనా అప్పుడే వద్దనుంటే ఆగేదేమో. ఎవరంటారు? వెళ్ళి కాసేపు నిలబడి రావడమేగా. పైగా కొత్త చొక్కా.

ముంగి ఇంట్లో సంగతి ఇంకో రకం. అమ్మ ఆ రోజు నుంచీ కూతురి పాదం వదల్లేదు. చదువుకుంటూ కాళ్ళు చాపితే వచ్చి పట్టుకుంటుంది. టీవీ చూస్తూ పట్టుకుంటుంది. కరెంటు మీటర్ల రీడింగు తీసుకుంటూ వీధులన్నీ తిరిగొచ్చే నాన్న, చెప్పులు విప్పుతూ, "దాని కాలికో తాళం వేయించు, తాళంచెవి నీ కొంగున కట్టుకో. నీకూ తీరిక దొరుకుతుంది, దానికీ దొరుకుతుంది," అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆయన మాత్రం ఎవరైనా పడుకుని దుప్పటి ముసుగేసుకుంటే చూడలేడు. గదిలోకొచ్చి మొహం మీంచి దుప్పటి తీసేసి వెళ్ళిపోతాడు.

తిండి మానెయ్యాలని ముంగి ఎప్పుడూ అనుకోలేదు. తను పెరిగినకొద్దీ ఆ బీరువాలో చొక్కా పెరుగుతోంది, అంతే. ముద్ద నోట్లో పెట్టుకునేసరికి అది ఇద్దరికి సరిపోవాలన్నట్టు బరువుగా ఉండేది. సగంలో చెయ్యి కడుక్కునేది.

బస్సులోంచి బతికి బయటపడ్డ పిల్లలకి శనివారం బడి లైబ్రరీలో ఒక క్లాసు పెట్టారు. మనసు బాగుచేసే క్లాసని పిల్లలు వెక్కిరించేవారు. మేడం మెత్తగా మాట్లాడుతుంది, కళ్ళు మూసుకోమంటుంది, భయంలేని చోటొకటి ఊహించుకోమంటుంది.

"మేడం, నాకు బస్సు తప్ప ఎక్కడైనా పర్లేదు. పోలీస్ స్టేషన్ అయినా సరే," అనేవాడు జీబ్రా. మోచేతి నుంచి మణికట్టుదాకా కుట్ల చారలున్నాయని ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. ఇంకొకళ్ళు ఏదో ఒకటి పెట్టేలోగా మనమే పెట్టుకుంటే గొడవుండదని వాడి వాదన. కాలు కొంచెం ఈడుస్తాడు. అయినా ఆ రోజు తరవాత చక్రాలున్న బండి ఏదీ ఎక్కలేదు. ఎండైనా వానైనా ఊరు ఆ చివర నుంచి నడిచే వస్తాడు.

క్లాసయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఇంకా వెళ్తున్నావా ఆ మిషను దగ్గరికి?" అన్నాడు జీబ్రా.

"ఊఁ."

"ఒక్కడి తరఫున బతకడానికే నాకు నడుం విరిగిపోతోంది. నువ్వు ఇద్దరి డ్యూటీ చేస్తున్నావు. రానని చెప్పెయ్యవే."

"ఎలా చెప్పను?"

"నోటితో. అందరూ దాంతోనే చెప్తారు."

ముంగి నవ్వేసింది. "అబ్బో, నవ్వావే! మేడంకి చెప్తా, నా ఖాతాలో మార్కులేస్తుంది," అన్నాడు. తరవాత మెట్టు మీద రాయితో గీస్తూ, "నిజంగానే చెప్పవే. నువ్వు పుల్లలా అయిపోతున్నావు. మనలో ఇంకెవరైనా పోతే మళ్ళీ ఆ కొవ్వొత్తులూ, ఆ మౌనం పాటించడాలూ నావల్ల కాదు," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చెప్పక తప్పని రోజులే వచ్చాయి. పిన్ని వాళ్ళ ఊళ్ళో కాలేజీలో సీటొచ్చింది. పిన్ని ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. "నువ్వేం చెప్పకు. ఊరెళ్ళిపోతావుగా, మెల్లిగా అదే ఆగిపోతుంది. ఆవిడే అర్థం చేసుకుంటుంది," అంది అమ్మ. కానీ సీటు సంగతి విన్నరోజే టైలరమ్మ, "ఎక్కడ చదివితే ఏం, నెలకోసారి టేపు పట్టుకుని నేనే వస్తాలే. రైలు టికెట్టెంత?" అంది. అంది అంటే చేస్తుంది. ఏ ఊరెళ్ళినా ఆ టేపు వెనకే వస్తుందని ముంగికి అర్థమైంది. ఆ చొక్కా తన ఒంటి మీద ఉన్నంతకాలం అన్నం గొంతు దిగదని కూడా.

అందుకే ఈ ఆదివారం చెబుదామని వచ్చింది. వచ్చి, అలవాటుకొద్దీ చేతులెత్తింది. కొలతలిచ్చింది. కత్తెర సగం గుడ్డ కోసేదాకా నిలబడి చూస్తూనే ఉంది.

"అత్తా," అంది చివరికి. "ఇంక రెండు కొయ్యకు."

కత్తెర ఆగలేదు. "ఏం?"

"నాకొద్దు. నాకు కుట్టకపోయినా పర్లేదు. దానికి నా కొలత పెట్టకు."

"నీ సొమ్మేం పోయిందే? చేతులెత్తి నిలబడ్డానికే అంత అరిగిపోతున్నావా?"

"అన్నం దిగడం లేదత్తా."

"నాకు దిగుతోందనుకున్నావా?" టైలరమ్మ కత్తెర బల్ల మీద పడేసింది. "అమ్మడూ, నిన్ను నేనేమడిగాను? దాని పుస్తకాలు చదవమన్నానా, దాని మంచం మీద పడుకోమన్నానా, అమ్మా అని పిలవమన్నానా? ఉంటే ఎంత ఎదిగుండేదో చూసుకుంటున్నాను. చూసుకోవడానికి కూడా వీల్లేదంటావా?"

ఎప్పుడూ లేనిది ముంగికి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చుంటే అక్కడితో ఆగిపోయేది. టైలరమ్మ దగ్గరికి తీసుకునేది, గుడ్డ కోసేది. ఏడుపుకి బదులు వేరే మాటొచ్చింది.

"ఆ రోజు ఆసుపత్రిలో నేను మెలకువగానే ఉన్నాను. నువ్వు నన్ను అదనుకుని మాట్లాడుతున్నావు. వింటూనే ఉన్నా. నేను కాదని చెప్పలేదు."

టైలరమ్మ గుడ్డ మీద పడ్డ సుద్దపొడి అరచేత్తో తుడిచింది. ఒకసారి తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"తెలుసు," అంది.

వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు. అది అందుకోవడం లేదు.

"పాదాలు రుద్దుతున్నప్పుడే తెలిసింది. దాని ఒళ్ళు రోజుల పిల్లప్పటి నుంచీ నేను చేత్తో ఎరిగింది. కుట్టు చూసి పొరపాటు పడ్డాను గానీ, చెయ్యి పెట్టాక కూడా పొరపాటు పడతానా?" టైలరమ్మ తలెత్తలేదు. "నువ్వు లేచావని కూడా తెలుసు. ఊపిరి మారింది. ఇప్పుడు నోరు తెరుస్తుంది, నేను కాదు అంటుంది, అయిపోతుంది అనుకున్నాను. నువ్వు అనలేదు. అననంతసేపూ నాకు కూతురుంది. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అని నేనే నీ కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను."

"అమ్మ..." అంది ముంగి.

"మీ అమ్మ వరండాలో ఏడుస్తోంది. నాకు వినపడింది. నీకూ వినపడింది కదూ?"

ముంగి తలూపింది.

"ఆఁ. మరి ఇద్దరం వింటూ కూర్చున్నాం."

ఆ మాట అన్నాక టైలరమ్మ లోపలి గదిలోకి వెళ్ళింది. హ్యాంగర్లు కడ్డీ మీద జరుగుతున్న చప్పుడు వినపడింది. తిరిగొచ్చేటప్పుడు చేతుల నిండా చొక్కాలున్నాయి. వాటిని బల్ల మీద పడేసి ఒక్కోదాన్నే మడత పెట్టి, కొట్టులో బట్టలిచ్చే గుడ్డసంచిలో సర్దింది. మడతలో ఎక్కడా చెయ్యి తడబడలేదు. పొద్దున లేచింది మొదలు చేసే పనేగా.

"ఇవన్నీ నీ కొలతలవి. నీవే. తీసుకుపో."

"నాకెందుకత్తా ఇన్ని?"

"నాకు మాత్రం ఎందుకు?"

సంచి ముంగి చేతికిచ్చి, బీరువాలో మిగిలిన ఒక్క యూనిఫాం తెచ్చి నీలం గుడ్డ మీద పరిచింది. కొత్త బట్ట కుట్టేటప్పుడు కొలత కోసం ఇచ్చే పాతబట్టని ఆది అంటారు. యూనిఫామే ఆది. దాని అంచుల వెంబడి సుద్దతో గీసింది. ఇందాక ముంగి ఒంటికి గీసిన గీతలకి ఎంతో లోపలగా, చిన్నగా పడిందా గీత. భుజం, చెయ్యి, నడుము. గుండుసూదులు తీసి, కింది గుడ్డ పక్కకి లాగేసి ఒక్క పొరకే కత్తెర పెట్టింది.

"దానికింక ఇదే కొలత," అంది ముంగితో కాదన్నట్టు. "పెరిగింది చాలు."

ముంగి సంచి కింద పెట్టబోయింది. ఇంతకాలం తనే కదా అడగాలనుకుంది, ఈ మాటే కదా. "అత్తా, నేనన్నది అలా కాదు..."

"వెళ్ళు. వెళ్తూ షట్టరు పూర్తిగా కిందికి లాగు."

లాగింది. లోపల లైటు వెలుగు నేల మీద సన్నటి గీతలా మిగిలి, అదీ పోయింది.

ఇంటిదారిలో సంచి చెయ్యి మార్చుకుంటూ నడిచింది. ఈపాటికి ఒంట్లో ఏదో తేలికపడుతుందని జీబ్రా చెప్పాడు. "చూడు, చెప్పాక ఆకలేస్తుంది," అన్నాడు. ఆకలి లేదు. కాలవలో చెయ్యి జారింది ఒకసారి. అప్పుడు నీళ్ళు లాగేశాయి, తను వదల్లేదు. ఇవాళ వదిలింది తనే.

అమ్మ వంటింట్లో స్టవ్ తుడుస్తోంది. సంచి చూసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఇవిచ్చింది."

అమ్మ ఒక చొక్కా తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది. కాలరు తడిమింది, కాజాలు చూసింది. "ఎంత బాగా కుట్టిందో చూడు. కడుపుకోత అంత పెట్టుకుని..." కళ్ళు తుడుచుకుంది. "నీకు తెలీదు గానీ, ఆ రాత్రి నేనే నీ పక్కనుంటే ఏమైపోయేదాన్నో. నీకు పాదాలు చల్లబడకుండా తెల్లవార్లూ రుద్దుతూ కూర్చుందట, నర్సు చెప్పింది. తన పిల్లే అనుకుంది కాబట్టి అంత చేసింది, పిచ్చితల్లి. ఆవిడ పొరపాటు వల్లే నువ్వు బతికావని నేను మీ నాన్నతో ఎప్పుడూ అంటాను."

ముంగి గోడకి ఆనుకుంది.

"నువ్వు ఊరెళ్ళిపోయాక ఆవిడకి ఆదివారాలు గడవద్దూ? నేనే వెళ్ళి కాసేపు కూర్చుంటాను. నా దగ్గరా ఒక గుడ్డ ఉంది, ఏదో ఒకటి కుట్టమంటాను. ఇద్దరు ఆడవాళ్ళం, మనసు విప్పి మాట్లాడుకుంటాం."

"వద్దమ్మా."

"ఏం?"

ముంగి దగ్గర ఉన్న జవాబు అమ్మకి చెప్పేది కాదు.

"ఏమే, ఎందుకొద్దు?" అంది అమ్మ మళ్ళీ, చొక్కా మడత పెడుతూ. ఈ పిల్ల ఒకపట్టాన పలకదని తెలుసు గనక జవాబు కోసం ఆగలేదు. గదిలోకి వెళ్ళి అల్మారా పైఅరలోంచి గుడ్డ తీసి, ఒంటి మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "నువ్వు ఊరెళ్ళేదాకా ఎందుకు, రేపే వెళ్తాను," అంది అక్కడి నుంచే.